బార్కస్ పెట్టెలో గళ్ల గుడ్డ



చాంద్రాయణగుట్ట దాటి పహాడీ షరీఫ్ వైపు పోయే దారిలో బార్కస్ ఉంది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆ వీధిలో నడిస్తే ఒక పక్క హరీస్ డేగ్చాలు, ఇంకో పక్క జామకాయల బుట్టలు, వాటి మధ్యలో లుంగీల కొట్లు కనిపిస్తాయి. కొట్లో అరల నిండా మడతపెట్టిన లుంగీలుంటాయి. నీలం మీద తెలుపు గళ్లు, మెరూన్ మీద పసుపు గీతలు, బూడిద రంగు మీద నలుపు చారలు, ఒక్కోటి ఒక్కో తీరు. బార్కస్ మగవాళ్లకు లుంగీ ఇంట్లో కట్టుకునే గుడ్డ మాత్రమే కాదు. చక్కగా ఇస్త్రీ చేసి, పైన చొక్కా వేసుకుని మసీదుకూ అదే, బజారుకూ అదే, విందుకూ అదే. ఇండోనేషియా నుంచి వచ్చిన లుంగీ అయితే దాని మర్యాద వేరు.

ఆ వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. నేను చాచా అంటాను, ఆయన నన్ను బేటీ అంటారు. గల్ఫ్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. మా నాన్న చీరాల పక్కన పేరాలలో మగ్గం నేసిన మనిషి అని ఆయనకు తెలుసు. ఒకరోజు కబురు పంపారు. వెళ్లేసరికి ఇనప పెట్టె తెరిచి, పాత దుప్పటిలో చుట్టిన గుడ్డ ఒకటి బయటికి తీశారు. చదరంగా ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు. అక్కడక్కడా చిల్లులు.

"బేటీ, ఇది మా తాతది. హద్రమౌత్ నుంచి వచ్చేటప్పుడు తలకు చుట్టుకుని వచ్చాడని మా అబ్బాజాన్ చెప్పేవాడు. మా మనవడేమో ఫోన్లో ఫొటో తీసి వెతికాడు. ఇది స్కాట్లాండు వాళ్ల గళ్ల గుడ్డ, రాబ్ రాయ్ అని పేరు కూడా చెప్పింది ఫోను. తాత మాట నిజమా, ఫోను మాట నిజమా?"

మేం మాట్లాడుకున్నది దక్కనీ ఉర్దూలో. మీకోసం తెలుగులో చెబుతున్నాను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఆ రోజు నుంచి నన్ను వదలలేదు. రంగులు చూసి ఒక గుడ్డ ఊరు చెప్పగలమా? ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు బార్కస్ సంగతి. బ్యారక్స్ అనే మాటే జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. నిజాం కొలువులో ఉన్న అరబ్బు సైనికులకు అక్కడ బారకాసులుండేవి. వాళ్లలో ఎక్కువమంది యెమెన్ తూర్పు భాగంలోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. ఇక్కడివాళ్లు వాళ్లను చావుష్‌లంటారు. అది తురుష్క సైన్యంలో ఒక హోదా పేరు. ఆ సైనికుల్లో జమేదారుగా పనిచేసి డబ్బు కూడబెట్టిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశం హద్రమౌత్‌లోని ముకల్లా కేంద్రంగా ఒక సంస్థానాన్నే ఏలింది. 1967 దాకా ఆ సుల్తాన్ల పాలన సాగింది. హైదరాబాద్ జీతం అంత దూరం వెళ్లి అక్కడ కోటలు కట్టిందన్నమాట. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఆ దళాలు రద్దయ్యాయి. చాలామందిని ఓడలెక్కించి ఏడెన్ పంపేశారు. మిగిలినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. తర్వాతి తరాలు గల్ఫ్‌కు వెళ్లాయి. అందుకే బార్కస్‌లో ఏ ఇంటి పెట్టె తెరిచినా రెండు మూడు దేశాలు బయటపడతాయి.

ఇక స్కాట్లాండు సంగతి. ఫోను చెప్పిన ఆ పేరు మరీ ఉత్తిది కాదు. రాబ్ రాయ్ టార్టన్ అనేది నిజంగానే ఉంది. ఎరుపు, నలుపు, రెండే రంగులు. సమానమైన పట్టీలు. టార్టన్‌లలో అంతకన్నా సాదా గళ్లు ఉండవు. మా చాచా గుడ్డలో ఎరుపూ నలుపూ కనిపించేసరికి ఫోను దాన్ని పట్టుకుంది. తెలుపును వదిలేసింది. రంగు మాత్రమే చూసేవాడికి జరిగే పొరపాటే ఇది.

టార్టన్‌ను గుర్తుపట్టే తీరు తెలిస్తే ఈ పొరపాటు ఎలా జరిగిందో అర్థమవుతుంది. టార్టన్ ఉన్ని గుడ్డ. పడుగులో ఏ రంగు దారాలు ఏ వరసలో, ఎన్నెన్ని ఉంటాయో, పేకలోనూ అదే వరసలో, అన్నన్నే ఉంటాయి. ఉదాహరణకు ఎరుపు ఇరవై నాలుగు, నలుపు నాలుగు, ఆకుపచ్చ పన్నెండు, తెలుపు రెండు అనుకోండి. తెలుపు దగ్గరికి వచ్చాక వరస వెనక్కి తిరుగుతుంది. ఆకుపచ్చ పన్నెండు, నలుపు నాలుగు, మళ్లీ ఎరుపు. అద్దంలో చూసుకున్నట్టు ముందుకూ వెనక్కూ నడిచే ఈ వరసే టార్టన్ ప్రాణం. ఇంగ్లీషులో దీన్ని సెట్ అంటారు. ఎక్కువ టార్టన్లు ఇలా అద్దంలా మలుపు తిరుగుతాయి. కొన్ని మాత్రం మలుపు లేకుండా ఒకే దిక్కుకు పోతాయి.

రంగుల లెక్కలో ఇంకో చిత్రం ఉంది. ఎర్ర పడుగును ఎర్ర పేక దాటితే నికరమైన ఎరుపు. ఎర్ర పడుగును నల్ల పేక దాటితే రెండూ కలిసిన నల్లెరుపు. కాబట్టి మగ్గం మీద ఉన్నవి రెండే రంగులైనా కంటికి మూడు కనిపిస్తాయి. మూడు రంగులతో ఆరు. నాలుగుతో పది. ఆరు రంగులు వేస్తే ఇరవై ఒకటి. ఫొటోలో రంగులు లెక్కపెట్టేవాడు ఈ కలిసిన రంగులను కూడా అసలు రంగులనుకుని తప్పుదోవ పడతాడు. మగ్గం తెలిసినవాడు ముందు నికరమైన గళ్లను వెతుకుతాడు. పడుగూ పేకా ఒకే రంగులో కలిసిన గళ్లు ఎన్ని తీర్లు ఉంటే, నేతగాడు వాడిన రంగులు అన్నే.

రంగు ఇంకోలా కూడా మోసం చేస్తుంది. ఒకే టార్టన్‌ను ముదురు రంగుల్లో నేస్తే మోడర్న్ అంటారు, లేత రంగుల్లో నేస్తే ఏన్షియంట్ అంటారు, వెలిసిపోయినట్టు నేస్తే వెదర్డ్ అంటారు. పేర్లు చూసి పాతవీ కొత్తవీ అనుకోకండి, అవి రంగుల తీరును చెప్పే పేర్లు. బ్లాక్ వాచ్ అనే సైనిక టార్టన్ నీలం, ఆకుపచ్చ, నలుపు. ముదురు రంగుల్లో దాన్ని మసక వెలుగులో చూస్తే అంతా ఒక్కటే చీకటి. లేత రంగుల్లో చూస్తే అది వేరే గుడ్డే అనుకుంటారు. దారాల లెక్క మాత్రం రెండింటిలోనూ ఒకటే.

పాత గుడ్డల్లో ఇది ఇంకా కష్టం. పూర్వం ఆకుపచ్చ రంగు కావాలంటే దారాన్ని నీలిలో ముంచి పైన పసుపు రంగు వేసేవాళ్లు. ఎండ తగిలితే పసుపు ముందు పోతుంది, నీలి నిలబడుతుంది. ఇవాళ మన కంటికి నీలంగా కనిపించే గడి నూరేళ్ల క్రితం ఆకుపచ్చ అయి ఉండవచ్చు. మడతల మధ్య, కుట్టు లోపల, ఎండ తగలని చోట ఆ పాత ఆకుపచ్చ కాస్త దాక్కుని ఉంటుంది. అందుకే పాత గుడ్డ రంగు చెప్పేవాళ్లు ముందు మడత విప్పి లోపల చూస్తారు.

స్కాట్లాండులో గ్లెన్ ఆఫ్రిక్ దగ్గర ఒక బురద నేలలో 1980ల మొదట్లో గళ్ల ఉన్ని గుడ్డ ముక్క దొరికింది. 55 సెంటీమీటర్లు, 43 సెంటీమీటర్లు, అంతే. మన దస్తీ కన్నా కాస్త పెద్దది. కార్బన్ పరీక్ష చేస్తే అది 1500కూ 1600కూ మధ్య నేసిందని తేలింది. 2023లో డండీ నగరంలోని వి అండ్ ఏ మ్యూజియంలో ఆ ముక్కను ప్రదర్శనకు పెట్టారు. రంగు పరీక్షలో కృత్రిమ రంగుల జాడ దొరకలేదు. ఆకుపచ్చలో నీలి మందు జాడ దొరికింది. మిగతా రంగులను ఆ బురద ఎంత తినేసిందంటే, పరీక్షకు కూడా స్పష్టంగా చిక్కలేదు. శాస్త్రం అంతా చేతిలో ఉన్నవాళ్లకే రంగు ఇంత సతాయిస్తుంది.

స్కాట్లాండు వాళ్లను నేను మెచ్చుకునేది ఒక విషయానికి. వాళ్లు గళ్ల లెక్క రాసి పెట్టుకున్నారు. 1746లో వాళ్ల కొండజాతుల దుస్తులపై బ్రిటిష్ ప్రభుత్వం నిషేధం పెట్టింది, 1782లో ఎత్తేసింది. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ, కొండ వంశాల పెద్దల దగ్గర నుంచి ముద్ర వేసిన గుడ్డ ముక్కలు సేకరించడం మొదలుపెట్టింది. బానక్‌బర్న్‌లోని విల్సన్ల నేతశాల 1819లో తమ గళ్ల లెక్కల పుస్తకం తయారుచేసింది. ఫలానా వంశానికి ఫలానా గళ్లు అనే మాట చాలావరకు ఆ తర్వాత గట్టిపడిందే. 1842లో అచ్చయిన ఒక టార్టన్ పుస్తకం కల్పితమని తర్వాత తేలింది కూడా. అయినా సరే, ఇప్పుడు ఎడింబరాలో టార్టన్ల రిజిస్టరు ఉంది. 2008లో చట్టం చేశారు, 2009 ఫిబ్రవరి నుంచి అది నడుస్తోంది. కొత్త గళ్లు ఎవరు వేసినా దారాల లెక్కతో సహా నమోదు చేయవచ్చు. నిజమో కల్పనో, లెక్క రాసి ఉంటే తర్వాతివాడు సరిచూసుకుంటాడు. రాసి లేకపోతే సరిచూసే దారే లేదు.

మనకు అలాంటి పుస్తకం ఉన్నట్టు నాకు తెలియదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఆ స్కాట్లాండు వాళ్లకే గళ్ల గుడ్డ పేరొకటి మన తీరం నుంచి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌కూ తమిళనాడుకూ మధ్య పులికాట్ సరస్సు ఉంది. మనవాళ్లు ప్రళయకావేరి అంటారు. ఆ ఒడ్డున పులికాట్ ఊళ్లో డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గుడ్డలు ఓడలెక్కించి జావాకూ సుగంధ దీవులకూ తీసుకుపోయి లవంగాలకూ జాజికాయకూ మార్చుకునేవాళ్లు. ఆ గుడ్డల్లో గళ్లవీ ఉండేవి. ఊరి పేరే గుడ్డకు పేరైంది. మలేషియా, ఇండోనేషియాలలో ఇప్పటికీ గళ్ల లుంగీని కాయిన్ పెలెకాట్ అంటారు. కాయిన్ అంటే గుడ్డ, పెలెకాట్ అంటే మన పులికాట్. తమిళ దేశంలో పలయకాట్ లుంగీ అంటారు. 18వ శతాబ్దం చివర స్కాట్లాండులో, గ్లాస్గో చుట్టుపక్కల నేతగాళ్లు గళ్ల రుమాళ్లు నేసి వాటికి పులికేట్ అని పేరు పెట్టుకున్నారు. టార్టన్ పుట్టిన నేల మీద మగ్గాలు మన సరస్సు పేరున్న గుడ్డ నేశాయి. ఇంత పెద్ద సంగతి మన బడి పుస్తకాల్లో ఉండాలి.

ఇప్పుడు బార్కస్ కొట్టుకు తిరిగి రండి. ఆ ఇండోనేషియా లుంగీ కథ ఇంకా అందంగా ఉంటుంది. హద్రమౌత్ నుంచి బయలుదేరినవాళ్లు అందరూ హైదరాబాద్ రాలేదు. చాలామంది జావాకు పోయారు. అక్కడ గుడ్డల వ్యాపారంలో, బాతిక్, సారోంగ్ తయారీలో స్థిరపడ్డారు. ఒకే ఇంట్లో ఒక అన్న నిజాం కొలువుకు, ఒక తమ్ముడు జావా బజారుకు. పులికాట్ గళ్లు డచ్చి ఓడలో జావాకు పోయాయి, అక్కడ మగ్గం మీదికెక్కాయి, ఇవాళ ప్యాకెట్లో మడతపడి బార్కస్‌కు వస్తున్నాయి. కొట్టతను ఒక లుంగీ విప్పి చూపించాడు. గళ్ల మధ్యలో ఒక చోట అడుగు వెడల్పున వేరే రంగు పట్టీ ఉంది. దాన్ని కెపాలా అంటారు, తల అని అర్థం. కట్టుకున్నప్పుడు అది వెనక్కి రావాలి. ఆ పట్టీ ఉందంటే ఆ లుంగీ అటువైపు ఆచారంలోదని ఇంచుమించు చెప్పేయవచ్చు. రంగు చూడక్కర్లేదు.

చీరాలలో మాకు వేరే కథ ఉంది. మా వైపు గజం చదరపు రుమాళ్లు, ఎనిమిది కలిపి ఒక తానుగా నేసేవాళ్లు. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని వాటి పేరు. అవి లండన్ మీదుగా పశ్చిమాఫ్రికాకు పోయేవి. నైజర్ నది ముఖద్వారంలో ఉండే కలబరి జనం వాటిని ఇంజిరి అంటారు. వాళ్లు ఒక పని చేస్తారు, విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మన గుడ్డలోంచి బ్లేడుతో ఎంచుకున్న దారాలను కోసి, ఒక్కొక్కటే లాగేస్తారు. తెల్ల దారాలు తీసేసిన చోట కొత్త నమూనా పుడుతుంది. ఆ కోసిన గుడ్డను పెలెటె బిటె అంటారు. పుట్టుకకూ చావుకూ ఆ గుడ్డ కావాలి వాళ్లకు. పేరాలలో ఎవరో ఒక అవ్వ ఆసు పోసిన దారాన్ని అక్కడ ఇంకో అవ్వ లాగి తీస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు.

రంగు దిగిపోవడం మద్రాసు గళ్లకు ఒకప్పుడు చెడ్డ పేరు తెచ్చింది. 1958లో విలియం జేకబ్‌సన్ అనే అమెరికా వ్యాపారి, తర్వాత లీలా హోటళ్లు పెట్టిన కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ దగ్గర మద్రాసు గళ్ల గుడ్డ కొన్నాడు. చన్నీళ్లలో ఉతకాలన్న మాట కొన్నవాళ్లకు చేరలేదు. వేడినీళ్లలో వేస్తే రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి దిగాయి. గొడవ పెద్దదైంది. చివరికి రంగు దిగడమే ఈ గుడ్డ గొప్పదనం అని పత్రికలో రాయించి అమ్మారు. జనం ఎగబడి కొన్నారు. ఇది నేను ఎందుకు చెబుతున్నానంటే, రంగు దిగిన గుడ్డలో గీతల అంచులు పక్క గడిలోకి పాకి ఉంటాయి. మా చాచా గుడ్డను మొదట చూసినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. తెల్ల చుక్కల అంచులు మసగ్గా ఉన్నాయి, ఉతుకులో రంగు పాకిందేమో అనుకున్నాను. అది నా తొందరపాటు.

ఇక ఆ గుడ్డ దగ్గరికి వస్తాను. చాచా అనుమతితో అంచు నుంచి ఊడిన ఒక దారం తీసి వెలిగించాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి నల్లటి ఉండ కడుతుంది. ఇది కాగితంలా కాలి, తెల్లటి బూడిద రాల్చింది. నూలు. స్కాట్లాండు అక్కడితో పోయింది. భూతద్దం పెట్టి చూస్తే నేత సాదా నేత, ఒకటి పైకి ఒకటి కిందికి. టార్టన్‌లో కనిపించే ఏటవాలు గీతలు లేవు. గుడ్డ చుట్టూ నాలుగు వైపులా అరచేయంత వెడల్పున ఒకే రంగు పట్టీ, గళ్లు దాని లోపలే. టార్టన్ తానుగా పోతూనే ఉంటుంది, ఇలా హద్దు గీసుకోదు. ఇది రుమాలుగా పుట్టిన గుడ్డ.

అప్పుడు గడి లోపలికి చూశాను. ఒక్కో ఎర్ర గడిలో తెల్లటి చుక్కలు పువ్వులా కూడుకున్నాయి. అంచు మసక. సూదిమొనతో ఒక దారం వెంట నెమ్మదిగా వెళ్లాను. దారం ఎర్రగా నడిచి, చుక్క దగ్గర తెల్లగా మారి, మళ్లీ ఎర్రగా అయింది. ఒకే దారం. రంగు మధ్యలో తెల్లబడిన దారం. పక్క దారాన్ని చూశాను, అదీ అంతే, ఒక వెంట్రుకవాసి ముందుగా తెల్లబడింది. పేక దారాన్ని చూశాను, అదీ అంతే. ఆ మసక ఉతుకులో వచ్చింది కాదు. నేతకు ముందే దారాన్ని గుత్తులుగా కట్టి, కట్టిన చోట రంగు ఎక్కకుండా అద్దారు. పడుగుకూ పేకకూ రెండింటికీ. మా వైపు దీన్ని కట్టుబడి అంటారు, హైదరాబాద్ వైపు చిటికీ అంటారు.

గుడ్డ మధ్య మడతను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పాత పెట్టె వాసన కింద, ఎక్కడో అడుగున, నూనె జిడ్డు వాసన లీలగా తగిలింది. అంత పాత గుడ్డలో అది నా మనసు కల్పించుకున్నదేమో, ఒట్టేసి చెప్పను. కానీ నా నోటి నుంచి మాట వచ్చేసింది. "చాచా, ఇది తేలియా."

తేల్ అంటే నూనె. తేలియా రుమాలు దారాన్ని నూనెలోనూ, ఆముదపు కాయలు కాల్చిన బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి ముంచి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ ముంచుతారు. అలా చేస్తే ఎరుపు దారంలో లోతుగా పట్టుకుంటుంది, వదలదు. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1869లో జర్మనీ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్‌మాన్ కృత్రిమ అలిజరిన్‌కు పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాత మన అద్దకం గుంటల్లోకి ఆ పొడి చేరింది. నలుపు వచ్చేది ఇనప ముక్కలను బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన కషాయంతో. ఎరుపు, నలుపు, తెలుపు, తేలియాకు ఇంతకన్నా రంగులు అక్కర్లేదు. చీరాలలో నేసిన ఈ రుమాళ్లు ఏడెన్‌కూ అరబ్బు తీరాలకూ తూర్పు ఆఫ్రికాకూ వెళ్లాయి. అక్కడ తలపాగాలయ్యాయి, భుజం మీది గుడ్డలయ్యాయి. హైదరాబాద్ నవాబుల ఇళ్లలో ఆడవాళ్లు దుపట్టాలుగా వేసుకున్నారు. కొన్నింట్లో గడియారాలు, విమానాలు, సింహాలు కూడా నేశారు.

ఇంకొక్క సాక్ష్యం ఉంది. ఆ చిల్లులు ఎక్కడున్నాయో చూడమన్నాను. చాచా మనవడు ఫోను పక్కనపెట్టి వంగి చూశాడు. చిల్లులన్నీ నల్ల గళ్లలోనే. ఎరుపు చెక్కుచెదరలేదు, తెలుపు కాస్త పచ్చబడింది అంతే. ఇనుముతో చేసిన పాత నలుపు ఏళ్లు గడిచేకొద్దీ దారాన్ని లోపలి నుంచి కొరికేస్తుంది. ప్రపంచంలో చాలా చోట్ల పాత గుడ్డల్లో ఇనప నలుపు వేసిన చోటే ముందు చిరుగు పడుతుంది. ఆ కుర్రాడు ఒక నల్ల గడిని వేలితో తాకబోయి ఆగాడు. ముట్టుకుంటే రాలిపోతుందని అతనికే అర్థమైంది.

కాబట్టి తాత మాట తప్పా? నాకలా అనిపించలేదు. ఏడెన్ బజారులో తేలియా రుమాళ్లు అమ్మేవాళ్లు. ఆయన అక్కడే కొని, తలకు చుట్టుకుని, ఓడెక్కి ఉండవచ్చు. అప్పుడు ఆ గుడ్డ మన తీరం నుంచి అరబ్బు తీరానికి పోయి, ఒక మనిషి తల మీద మళ్లీ మన దగ్గరికి వచ్చిందన్నమాట. లేదా ఇక్కడే, చార్మినార్ దగ్గర కొని ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏదో గుడ్డ చెప్పదు. చీరాల మగ్గం మీదిదని కూడా నేను సంతకం పెట్టి ఇవ్వను. ఆ తీరుది, మన తెలుగు నేతది అని మాత్రం ధైర్యంగా చెబుతాను.

చాచా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా తాత మీ ఊరి గుడ్డ కట్టుకుని మా ఊరి నుంచి వచ్చాడు" అన్నారు.

చీరాలలో ఇవాళ తేలియా నేసే ఇళ్లు వెతికి పట్టుకోవాలి. ఆ విద్య యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నిలబడింది. అక్కడి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది, గజం అంజయ్య గారికి 2013లో వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇది సంతోషం. కానీ గుర్తింపు పత్రంలో దారాల లెక్కలుండవు. ఏ నమూనాకు ఎన్ని దారాలు కట్టాలి, ఏ గడి ఎక్కడ మలుపు తిరుగుతుంది అనే లెక్క ముసలివాళ్ల వేళ్లలో ఉంది. మా నాన్న కాగితం మీద ఒక్క లెక్క కూడా రాయలేదు. ఆయన పోయినప్పుడు ఎన్ని గళ్లు పోయాయో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

అందుకే ఒక మనవి చేసుకుంటాను. మీ ఇంట్లో పెద్దల పెట్టెలో గళ్ల గుడ్డ ఏదైనా ఉంటే, ఉతకకండి. అందులోనూ సర్ఫు పొడితో అసలు వద్దు. దిండు గలేబులుగా, సంచులుగా కత్తిరించకండి. పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీయండి. ఒక గడి దగ్గర చిన్న సూది పెట్టి, మలుపు నుంచి మలుపు దాకా ఏ రంగు దారాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి. ఆ గుడ్డ ఎవరు కట్టుకున్నారో, ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందని చెప్పేవారో అదే కాగితం మీద రాయండి. తాత చెప్పింది తప్పనిపించినా రాయండి. చేనేత సహకార సంఘాల్లో, పుట్టపాకలో, పోచంపల్లిలో, చీరాలలో ఇంకా మగ్గం ముందు కూర్చునే పెద్దలున్నారు. వాళ్లకు చూపించండి. వాళ్లు మీ గుడ్డ చూసి చెప్పే ఒక్క మాటను కూడా వదలకుండా రాసుకోండి.

చాచా వాళ్ల మనవడు ఆ రోజే నోటు పుస్తకం తెచ్చి లెక్క మొదలుపెట్టాడు. ఒక గడి పూర్తయ్యేసరికి మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆ కాగితం ఇప్పుడు రుమాలుతో పాటు అదే దుప్పటిలో, అదే ఇనప పెట్టెలో ఉంది.